వడ్ల లైన్‌లో జొన్న రొట్టె

కోతలు మొదలయ్యాయంటే త్రిపురారంలో ఏ ఇంట్లోనూ మనసు పెట్టి వండరు. ఇంత అన్నం, ఇంత పచ్చిపులుసు, నంజుకోవడానికి తొక్కు. పూట గడిస్తే చాలు. ఆండాళు మాత్రం ఈసారి తెల్లవారకముందే లేచి జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి పిసుకుతోంది. ఆమె భర్త సుధాకర్ ఎడమ కాలి బొటనవేలికి పుండు పడి నెల దాటింది. "షుగర్ దిగితే మానుతది, లేకుంటే వేలు తీసేయాల్సి వస్తది. అన్నం బంద్ చేసి రొట్టె పెట్టమ్మా" అని మిర్యాలగూడ డాక్టర్ ఆమెకే చెప్పాడు. ఆయనకు చెప్పి లాభం లేదని డాక్టర్‌కూ తెలిసినట్టుంది.

ఆండాళు పుట్టిల్లు తుంగతుర్తి వైపు కాలువ నీళ్ళందని ఒక మెట్టపల్లె. కాపురానికి వచ్చిన కొత్తలో కాలువ కింది వాళ్ళంతా ఆమెను "జొన్నలూరి పిల్ల" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ చేతి పనే అక్కరకొచ్చింది. పుట్టింటి నుంచి బస్తా జొన్నలు తెప్పించింది. గట్టు మీది పుంటికూర, గోడ మీదికి పాకిన సొరకాయ, పెసర్లు, మజ్జిగ. కొనవలసింది ఉప్పూ నూనే. భర్తకొకటి, తనకొకటి వండే తీరిక ఎక్కడిది? కూతురు హిమజ కూడా అదే తిని కాలేజీకి పోయేది.

సుధాకర్ తన వడ్లే కాక ఊళ్ళో వాళ్ళవి కూడా ట్రాక్టర్‌లో కిరాయికి తోలేవాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ట్రాక్టర్ల లైన్ ఒక్కోసారి రెండు రోజులైనా కదిలేది కాదు. ఆటో నడిపే ఐలన్నతో ఆండాళు రోజూ అన్నం డబ్బాలో రొట్టెలు పంపేది. సాయంత్రానికి డబ్బా తునక మిగలకుండా ఖాళీగా తిరిగొచ్చేది. అది చూసి మురిసిపోయేది, పిచ్చితల్లి.

దీపావళి దాటాక రక్తపరీక్ష చేయించారు. షుగర్ దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. పుండు నల్లబడుతోంది. తప్పు తన వంటలోనే ఉందనుకుని ఆండాళు ఆ రెండు చుక్కల నూనె కూడా మానేసింది.

"గిదేం కూరనే అమ్మా, గడ్డి తిన్నట్టున్నది" అంది హిమజ.

"నాయిన కాలు నిలవాలె బిడ్డా. జర తిను."

ఒకనాడు ఐలన్న ఆటో చెడిపోయింది. డబ్బా పట్టుకుని ఆండాళే బస్సెక్కింది. మిల్లు దగ్గర దిగి లైన్ వెంట నడుస్తుంటే బస్తాలు మోసే హమాలీ మంగ్త్యా ఎదురొచ్చి, డబ్బాను గుర్తుపట్టి నవ్వుతూ చేయి చాపాడు.

"నువ్వేనా అక్కా రొట్టెలు చేసేది? మస్తుంటయ్. రోజూ నాకే ఇస్తడు సుధాకరన్న."

ఆమె డబ్బా అతనికే ఇచ్చి ముందుకు నడిచింది. ట్రాక్టర్ నీడలో రైతులు టార్పాలిన్ పట్టా పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. అందరి గిన్నెలూ నడుమ పెట్టి, ఒకరి కూర ఒకరు వేసుకుని తినడం ఆ లైన్‌లో పద్ధతి. సుధాకర్ ముందు హోటల్ అన్నం కుప్పగా ఉంది. ఆమెను చూసి గబుక్కున లేచి ట్రాక్టర్ వెనక్కి తీసుకుపోయాడు.

"ఏందయ్యా గిది? వేలు పోతదని చెప్పలే డాక్టర్?"

"మెల్లగ మాట్లాడు. పదిమంది నడుమ రొట్టె తీయమంటవా? కాల్వ రాకముందు మా నాయిన తిన్నడు జొన్న రొట్టె. వడ్లు పండిచ్చే నేను గూడ తింటే పొలం అమ్ముకున్నడంటరు. నీకు వండ తీరిక లేదని చెప్పిన వాళ్లకు. కోతలు ఖతం గానీ, ఇంట్ల నువ్వేం పెడితే అది తింట."

ఒళ్ళు గుల్లయినా పరువు నిలవాలట! పుండుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? కోతలు ఇంకా వారం ఉండగానే సుధాకర్‌కు పుండు చీము పట్టి చలిజ్వరం వచ్చింది. సూర్యాపేట దవాఖానలో వేలు ఒక్కటే కాదు, సగం పాదం తీసేశారు.

లైన్‌లో కలిసి తిన్నవాళ్ళే నలుగురు చూడటానికి వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. అప్పుడే అక్కడి డాక్టర్ వచ్చి మిర్యాలగూడ చీటీలు, కట్టు చూశాడు.

"నెలన్నర పథ్యం చేసుంటే ఇంత దూరం రాకపోవు. రోజూ ఏం వండి పెట్టినవమ్మా?"

ఆండాళు భర్త వైపు చూసింది. ఒక్క మాట చెబుతాడేమోనని చాలాసేపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదని ఆమెకు తెలుసు. కానీ, సగం పాదంతో పడి ఉన్న మనిషిని నలుగురిలో దోషిగా నిలబెట్టడానికి నోరు రాలేదు.

"అన్నమే సార్. కోతల తొందర్ల రొట్టె చేసుడు కాలే."

"జర మనసు పెట్టి వండాలె గద వదినా" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు. మిగతావాళ్ళు తలలూపారు.

సుధాకర్ కళ్ళు తెరవలేదు.