నల్ల పెట్టకు మూడు నోటీసులు

పూర్వం రాజులు దండెత్తే ముందు శత్రువు కోటకు దూతను పంపి, ఫలానా రోజున వస్తున్నాం, సిద్ధంగా ఉండండి అని మర్యాదగా చెప్పించేవారట. రాజులు పోయారు, కోటలు పోయాయి, దూతలూ పోయారు. ఆ మర్యాద మాత్రం చెక్కుచెదరకుండా మా బాబాయి దగ్గర మిగిలిపోయింది. ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వనిదే ఆయన ఈ భూమ్మీద దేన్నీ దాని చోటు నుంచి కదపడు. వంటింటి చీమలకు ఇచ్చాడు. గోడ మీద చెదలకు ఇచ్చాడు. పడక్కుర్చీలో కునుకు తీస్తున్న నాకు, లేవడానికి అరగంట గడువిస్తూ, సంతకం పెట్టి మరీ ఇచ్చాడు.

ముప్పయ్యేళ్లు కోర్టులో అమీనాగా పనిచేశాడాయన. అంటే కోర్టు ఉత్తర్వు పట్టుకెళ్లి జనం చేత ఇళ్లు ఖాళీ చేయించే ఉద్యోగం. అన్నేళ్లలో ఒక్క నోటీసైనా మొదటిసారే తప్పు లేకుండా రాసిన పాపాన పోలేదు. ఒకసారి ఇంటి నంబరు తప్పు. ఒకసారి అద్దెకున్నవాళ్లకు బదులు ఇంటాయనకే, నీ ఇల్లు నువ్వు ఖాళీ చెయ్యమని నోటీసు అంటించి వచ్చాడు. ఆ ఇంటాయన కోర్టుకొచ్చి వేసిన కేకలకు వరండాలో పావురాలు కూడా లేచిపోయాయట. దాంతో ఆయన పేరు ‘తప్పుల అమీనా’ అయింది. చేరిన కుర్చీలోనే రిటైరయ్యాడు.

నేనేమో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ని. ఒక్క కొమ్ము దీర్ఘం తప్పితే నాకు ఆ పూట అన్నం సహించదు. అలాంటివాడికి అలాంటి బాబాయంటే ఎంత చులకనో వేరే చెప్పాలా? వాళ్లింటి ముందుగదిలోనే ఉంటూ, వాళ్ల కోళ్లు పెట్టిన గుడ్లే తింటూ, ఆయన్ని రోజూ వెక్కిరిస్తూ సుఖంగా బతికేవాణ్ని.

కోళ్లు పిన్నివి. పెరట్లో ఆరు పెట్టలు. పుంజు లేదు. ఉన్న ఒక్క పుంజూ తెల్లవారకముందే కూసి తన నిద్ర చెడగొడుతోందని పిన్ని దాన్ని ఎవరికో ఇచ్చేసింది. “గుడ్డు పెట్టేది పెట్ట. మధ్యలో వీడి అరుపులేమిట్రా?” అనేది.

ఆ ఆరింటిలో నల్ల పెట్ట ఒకనాడు గూట్లో మూడో గదిలో కూర్చుని, ఇక లేవనంది. పొదుగుకొచ్చింది. కింద గుడ్లున్నాయా అంటే, లేవు. పిన్ని ఏ పూట గుడ్డు ఆ పూటే తీసేస్తుంది. ఉన్నదల్లా ఎక్కణ్నుంచో దొర్లుకొచ్చిన ఎండు నిమ్మకాయ. దాని మీద ఆ మహాతల్లి ఈకలన్నీ విప్పుకుని, రెక్కలు పరుచుకుని, కళ్లు అరమోడ్చి పట్టాభిషేకానికి కూర్చున్నట్టు కూర్చుంది. చెయ్యి పెడితే బుసకొట్టి పొడిచేది. నిమ్మకాయలోంచి పిల్ల దిగుతుందని నమ్మిన ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు. ఆ నమ్మకానికి తగ్గ యజమాని దొరికాడు దానికి.

ఇల్లు అల్లకల్లోలమైంది. గూట్లో నాలుగు గదులున్నా, మిగతా పెట్టలకూ ఆ మూడో గదే కావాలి. అది దొరక్క ఒకటి ఉతికిన బట్టల బుట్టలో గుడ్డు పెట్టింది. ఒకటి నా బూటులో పెట్టింది. తొడుక్కున్నాక తెలిసింది.

“ఏమండీ, దాన్ని లేపుతారా, మాంసం కొట్టాయన్ని పిలవమంటారా?” అంది పిన్ని.

“లేపుతాను. అడుగున తీగవల వేసిన బోనులో మూడు రోజులుంచితే పొట్టకు గాలి తగిలి, వేడి దిగి, పొదుగు సంగతే మరిచిపోతుంది. బోను సిద్ధంగానే ఉంది.”

“మరింకేం? పెట్టండి.”

“గడువివ్వకుండానా?”

“కోడికి గడువేమిటండీ!”

“ఏడు రోజులు” అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రమే నోటీసు గూటికి అంటించాడు. మూడో గదికి గోనెపట్టా కట్టి, వ్యవహారం తేలేవరకూ ఎవరూ దగ్గరికి రాకూడదన్నాడు. ఏ రోజుకారోజు పొద్దున్నే పెట్టను రెండు చేతులతో ఎత్తి, బయట నూకలూ నీళ్లూ పెట్టి, పది నిమిషాలకు మళ్లీ లోపల కూర్చోబెట్టేవాడు.

“ఖాళీ చేయించాల్సిన దానికి సేవలేమిటి బాబాయ్?” అన్నాను.

“గడువు లోపల తిండి ఆపితే కోర్టు ఒప్పుకోదురా.”

ఏడో రోజు బోను పట్టుకుని ముగ్గురం పెరట్లో నిలబడ్డాం. బాబాయి నోటీసు ఊడదీసి నాకిచ్చాడు. “నువ్వు చదువుకున్నవాడివి. పైకి చదువు.”

గొంతు సవరించుకున్నాను. “పొదుగు గల నల్ల పెట్టకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా...” అక్కడే ఆగిపోయాను. ఒళ్లు పులకరించింది. “బాబాయ్! పొదుగు ఆవుకుంటుంది, గేదెకుంటుంది. కోడికెక్కడిది? ‘పొదుగుకు కూర్చున్న’ అని రాయాలి. ఇలాంటి కోడి మనింట్లో లేదు.”

“ఉంటే పాల కోసం బజారుకెళ్లడమే తప్పేది” అంది పిన్ని.

బాబాయి తల పట్టుకున్నాడు. “ఎంత పొరపాటు! అయితే ఇది చెల్లదు. మళ్లీ మొదట్నుంచీ ఇవ్వాలి.”

ఆ వారమంతా ఈ పొదుగు కథ చెప్పి మా అచ్చాఫీసును నవ్వించాను. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి ఆవుకూ కోడికీ తేడా తెలియకుండా రిటైరయ్యాడంటే, ఆ కోర్టులో న్యాయం ఎలా నడిచిందో అనుకున్నాం.

రెండో నోటీసులో పొదుగు సరిగ్గానే ఉంది. గడువు తీరిన రోజు చివరి పంక్తి దాకా వెళ్లి, “రెండో గదిని తక్షణమే ఖాళీ చేయవలెను” దగ్గర పట్టుకున్నాను.

“అది కూర్చున్నది మూడో గదిలో బాబాయ్. రెండోది ఖాళీగానే ఉంది.”

“అంటే పెట్ట మన ఉత్తర్వును పాటించినట్టేనంటావా?”

“అక్షరాలా.”

“ఎంత బుద్ధిగల పెట్ట!” అన్నాడు.

పిన్నికి నవ్వు రాలేదు. “ఇదిగో, ఇద్దరూ వినండి. వచ్చే ఆదివారానికి అది బోనులోనైనా ఉండాలి, గిన్నెలోనైనా ఉండాలి. కొట్టాయనకు చెప్పే వచ్చాను.”

బాబాయి ముఖంలో రంగు మారింది. ఆ సాయంత్రం మూడో నోటీసు రాస్తూ ఆయన మూడుసార్లు లేచి క్యాలెండరు చూసి వచ్చాడు. వయసు మీదపడిందనుకున్నాను. నా చూపు కాగితం మీది తప్పుల దగ్గర ఆగుతుందే తప్ప, దాన్ని రాసే మనిషి దాకా పోదు.

ఆదివారం పొద్దున్న పిన్ని బోను తెచ్చింది. గిన్నె కూడా తెచ్చింది. వెనక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, ఎందుకో, పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. నేను నోటీసు అందుకున్నాను. పొదుగు సరే. గది సరే. తేదీ...

“జూన్ ముప్పై ఒకటా? జూన్‌కు ముప్పయ్యే రోజులు! బాబాయ్, లేని రోజున కోడి ఎలా లేస్తుంది?”

“అయ్యో! అయితే మళ్లీ...”

“ముప్పయ్యో, మూడొందలో!” పిన్ని చేతికి తువ్వాలు చుట్టుకుని, గోనెపట్టా లాగేసి, గూట్లోకి చెయ్యి దూర్చింది.

“ముట్టుకోకు!” అని అరిచాడు బాబాయి. జీవితంలో మొదటిసారి, నోటీసు లేకుండా.

పిన్ని నిర్ఘాంతపోయి ఆగింది. అంతలో గూట్లోంచి సన్నగా కిచకిచ వినిపించింది. నల్ల పెట్ట రెక్క కిందినుంచి తడి ఆరని పసుపుపచ్చ తల ఒకటి బయటికొచ్చి, మా అందరినీ చూసి, నచ్చక లోపలికి పోయింది.

“అయిదూ వచ్చేశాయా అయ్యగారూ?” అంటూ కుట్టు ఆవిడ ముందుకొచ్చింది. “మా పుంజు మంచిదని నేను చెప్పలా?”

పిన్ని బాబాయి వైపు తిరిగింది. “గుడ్లు మీరు పెట్టారా?”

“గుడ్లు ఈవిడవి. నేను పెట్ట కింద పెట్టానంతే. నిమ్మకాయ మీద ఎన్నాళ్లని కూర్చుంటుంది పాపం?”

“నాకు చెబితే కాదంటానా?”

“అంటావు.”

పిన్ని చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పింది. “అంటాను” అంది.

“అయ్యగారికిది కొత్తేం కాదు అమ్మగారూ” అంది కుట్టు ఆవిడ. “మా చేత ఇల్లు ఖాళీ చేయించమని ఉత్తర్వొచ్చినప్పుడు మా అమ్మాయికి నిండు నెలలు. మొదటి నోటీసులో ఇంటి నంబరు తప్పు. రెండోది ఏకంగా ఇంటాయన పేరుకే! తప్పులేనిది వచ్చేసరికి మనవరాలికి మూడో నెల. మేం వేరే ఇల్లు చూసుకుని హాయిగా మారిపోయాం.”

నా చేతిలో జూన్ ముప్పై ఒకటి రెపరెపలాడింది. ఇరవై ఒక్క రోజులు. ఏడేసి చొప్పున మూడుసార్లు. కోడిపిల్ల గుడ్డులోంచి దిగడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియని మూర్ఖుడు ఆ పెరట్లో ఒక్కడే ఉన్నాడు. వాడికి కొమ్ము దీర్ఘాలు బాగా తెలుసు.

“మరి నేను ఆ తప్పులు పట్టుకోకపోయుంటే బాబాయ్?”

“నువ్వా?” బాబాయి నా భుజం తట్టాడు. “నీ మీద నాకు ఆ మాత్రం నమ్మకం లేదట్రా?”

మధ్యాహ్నానికి పిన్ని ఆ గిన్నెలోనే నూకలు నానబోసి పిల్లల ముందు పెట్టింది. సాయంత్రానికి అవి ‘మా పిల్లలు’ అయ్యాయి. కొత్త పెట్టలొస్తున్నాయి కదా అని నా చేత కాగితం మీద ఇంకో గూడు బొమ్మ గీయించింది. అయిదు గదులు, అయిదు తలుపులు. పెద్దయ్యాక రోజుకెన్ని గుడ్లొస్తాయో ఇరుగుపొరుగుకు ముందే చెప్పుకుంది. బాబాయి ఒక్కో గది తలుపు మీద ‘శాశ్వత నివాసం’ అని స్వహస్తంతో రాశాడు. దిద్దడానికి పెన్సిలు తీసుకుని వెళ్లాను. అయిదింటిలోనూ ఒక్క తప్పు లేదు.

రెండు నెలలకు తేలింది. అయిదూ పుంజులే.