హిందీ సార్ చెప్పిన కరెంటు పాఠం

మా హిందీ సార్ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను కోడేరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజు వేసి పక్కకు వచ్చాను. నేను జూనియర్ లైన్‌మన్‌ని. ఇంకో రెండు చోట్ల పని మిగిలి ఉంది. ముందు ఎటు పోవాలో తోచలేదు.

పాన్‌గల్ బడిలో నేను పదో తరగతి చదివిన ఏడాది ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేక ఆ పాఠాలు హిందీ సార్ మీద పడ్డాయి. ఆయన బ్యాటరీకి రెండు తీగలతో చిన్న బల్బు కలిపారు. వెలిగింది. ఒక తీగ తీస్తే ఆరిపోయింది.

"కరెంటు బల్బుల ఖర్చయితది గద సార్, మల్ల రెండో తీగెందుకు?" అని అడిగాను.

ఆయన తీగ మళ్లీ కలిపి, మళ్లీ తీసి చూశారు. "నాకు గూడ సమజైతలేదు బిడ్డా. అడిగొస్త."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సార్లు కూడా తెలియదంటారా అని అయోమయంలో పడ్డాను.

వనపర్తిలో మోటర్లు చుట్టే మేస్త్రీని అడిగి మూడో రోజు వచ్చారు. "పోయిన కరెంటంత తిరిగొస్తది. బల్బుకాడ ఖర్చయ్యేది శక్తి. దారి యాడ తెగినా మొత్తం ఆగుతది." నేను మళ్లీ చెయ్యెత్తితే, "ఆగు, జర ఆగు! నాకే ఇప్పుడిప్పుడు ఎక్కుతుంది" అన్నారు. "తెల్వదంటే తప్పులేదు. తెల్వకుండ తీగ ముట్టుడే తప్పు."

ఈ ఉద్యోగంలో చేరాక ఒకసారి సబ్‌స్టేషన్ వాళ్లు లైను ఆపామన్నారు. ఎందుకో నమ్మబుద్ధి కాక పరీక్షించి చూస్తే, ఎవరిదో జనరేటర్ నుంచి వెనక్కి కరెంటు వస్తోంది. ముట్టుకుని ఉంటే ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు.

పోయిన నెల సార్‌కు బాగాలేదని చూడబోతే మంచం మీదినుంచే అడిగారు: "తీగల ఎలక్ట్రాన్లు చీమలకంటె నిమ్మళంగ నడుస్తయంట గద. మరి స్విచ్ ఎయ్యంగనే బల్బెట్ల వెలుగుతది?"

"నాకు తెల్వదు సార్. అడిగి చెప్త."

మా ఇంజనీరు విడమరిచి చెప్పారు. తీగంతా ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉంటుందట. స్విచ్ వేయగానే దాదాపు ఒక్కసారే అన్నీ కదులుతాయట. ఆదివారం పోయి చెబుదామనుకున్నాను. శుక్రవారమే కబురు వచ్చింది.

వనపర్తిలో వాళ్లింటికి వెళ్లి, ఎవరికి చెప్పాలో తెలియక ఆ జవాబు సార్ భార్యకు చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. "గవన్ని నాకేం తెల్వదు బిడ్డా. గాయనకైతే ఇంకో ప్రశ్న దొరుకుతుండె."

గేటు దగ్గర యూనిఫారాల్లో సార్ బడి పిల్లలు కొందరు చెప్పులు విడిచి నిలబడ్డారు. లోపలికి రావచ్చో లేదో తెలియక, కాలుతున్న బండల మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నారు.