జంగయ్య రాసిన జవాబు

గద్వాలలో సాలెల ఇంట పుట్టినవాడికి ఎరుపేదో ఆకుపచ్చేదో తెలియకపోతే వాడి బతుకేం కావాలి? జంగయ్యకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి జములమ్మ, చీర అంచుకు ఎర్రపట్టు కండెలు చుట్టమని చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. వాడు ఎర్రవాటితో పాటు ఆకుపచ్చవీ చుట్టి, వరసగా పేర్చి, అమ్మ మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

“సోయి యాడ వెట్టినవ్‌ర? కండ్లు నెత్తికెక్కినయా?” అని వీపు వాయగొట్టింది జములమ్మ.

మూడోసారీ అదే పని చేసేసరికి తండ్రి విసిగిపోయాడు. “వీనికి మగ్గం అచ్చిరాదు. బడికి తోలు” అన్నాడు. కళ్లలోనే లోపముందేమోనన్న ఊహ ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. వాడిక్కూడా రాలేదు. తన బుద్ధే నిలకడ లేనిదనుకున్నాడు పాపం. ఆ సిగ్గుతో, రంగుల మాట వస్తే చాలు నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

చదువు మాత్రం భేషుగ్గా వచ్చింది. పట్నంలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. నిజాం రోజులవి, పాఠాలన్నీ ఉర్దూలోనే. సాలెల పిల్లవాడు ఆ ఉర్దూలో కెమిస్ట్రీ అప్పజెబుతుంటే తురక పిల్లలే నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ఆ సబ్జెక్టు చెప్పే అబ్దుల్ రహమాన్ సాబుకు వాడంటే ప్రాణం. “వీడు డాక్టరవుతాడు, నేను జామీను” అని ప్రిన్సిపాలు ముందర చెప్పాడు. జంగయ్యకూ అదే ఆశ. పగలూ రాత్రీ అదే ధ్యాస.

ప్రాక్టికల్స్‌లో వాడి జోడీ అలంపూర్ ఖాజా. బ్యూరెట్టు గాజుగొట్టం లోంచి ద్రావకం చుక్క చుక్కగా వదులుతుంటే ఖాజా పక్క నుంచి “ఎర్రగైంది, ఆపు” అనేవాడు. ఉప్పును మంటలో పెడితే “ఆకుపచ్చ మంటరా” అని అడక్కుండానే చెప్పేసేవాడు, వాడి నోరు ఊరుకోదు. అట్లా రెండేళ్లు గడిచిపోయాయి. జంగయ్యకు ఏ లోటూ తెలియలేదు.

పరీక్ష రోజు నంబర్ల ప్రకారం నిలబెట్టారు. ఖాజా గది ఆ చివర, జంగయ్య ఈ చివర. ఉప్పును తీగె కొసన అద్ది మంటలో పెట్టాడు. బేరియం అయితే ఆకుపచ్చ మంట, స్ట్రాన్షియం అయితే ఎర్ర మంట. ఇంత ముక్క వాడికి నిద్రలో అడిగినా తెలుసు. కానీ ఎదురుగా ఉన్న మంట ఏ రంగు? చూశాడు, చూశాడు, కళ్లు నీళ్లు కారాయి. ఎరుపని రాశాడు; అది ఆకుపచ్చది. బ్యూరెట్టు ఎక్కడ ఆపాలో తెలియక సగానికి సగం వదిలేశాడు.

ఫలితాలొచ్చాయి. పేపర్లలో కాలేజీకే మొదటివాడు, ప్రాక్టికల్‌లో ఫెయిలు. ఊరుకుంటారా జనం? నకలు కొట్టాడన్నారు. అబ్దుల్ రహమాన్ సాబు గద్వాలకు ఉత్తరం రాశాడు: “నువ్వు చూసి రాశావంటున్నారు. నీకు జామీను నిలిచినవాణ్ని నేను, తల ఎత్తుకోలేకపోతున్నాను. కారణమేదన్నా ఉంటే నెలలోగా రాయి. మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టే పూచీ నాది. లేకుంటే నీ పేరు కొట్టేస్తారు.”

ఏమని రాయాలి? వాడికే తెలియదే! ఉత్తరం చేతిలో పట్టుకుని ఏడ్చాడు.

ఆ నెలలోనే తండ్రి పోరు పడలేక జంగయ్య రైల్వే పనికి సికింద్రాబాదు వెళ్లాడు. అక్కడి డాక్టరు బల్ల మీద రంగురంగుల ఉన్ని చుట్టలు పోసి, ఒక ఆకుపచ్చది చేతికిచ్చి, దీనికి జోడీలు తీయమన్నాడు. జంగయ్య తీసినవాటిలో సగం ఎర్రవి. డాక్టరు నవ్వలేదు. “ఇది పుట్టుకతో వచ్చింది బాబూ. ఆ రెండు రంగులూ నీ కళ్లకు వేరుగా ఆనవు. తల్లి వైపు నుంచి వస్తుంది. రేపు నీ అక్కచెల్లెళ్ల కొడుకులకూ రావచ్చు” అన్నాడు. ఉద్యోగం లేదన్నాడు గానీ, అడిగితే ఆ సంగతంతా కాగితం మీద రాసిచ్చాడు.

ఉద్యోగం పోయిందని సంబరపడ్డ మనిషిని మీరెక్కడన్నా చూశారా? జంగయ్య పడ్డాడు. రైల్లో ఆ కాగితాన్ని పదిసార్లు చదువుకున్నాడు. బుద్ధి తక్కువవాడు కాదు తను! దొంగ కాదు! మళ్లీ పరీక్ష రాయొచ్చు, డాక్టరవ్వచ్చు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. జములమ్మ వాడి వీపు నిమిరి, “అయ్యో నా కొడుకా, ఊకెనే కొడ్తిగద నిన్ను” అని భోరుమంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

“తల్లి దిక్కెల్లి వస్తదన్నడా? మరి మన పుష్పకు పుట్టే కొడుకులకు?”

“రావచ్చన్నడమ్మా.”

చెల్లెలు పుష్పమ్మకు వడ్డేపల్లిలో సంబంధం కుదిరింది. మూడు మగ్గాల ఇల్లు. పెళ్లి ఇంకా ఇరవై దినాలుంది. జములమ్మ లేచి వెళ్లి తలుపు దగ్గరికేసి వచ్చింది.

“రంగు తెల్వని మనుమలు పుడ్తరంటె ఏ సాలోళ్లు జేస్కుంటర్రా దాన్ని? ఎవ్వనికీ చెప్పకు.”

“సాబుకొక్కనికే రాస్తనమ్మా.”

“సాబుకు తెలిస్తె కాలేజికి తెలుస్తది. కాలేజికి తెలిస్తె ఖాజాకు తెలుస్తది, వాని నోరు ఊకుంటదా? అలంపూరుకు, వడ్డేపల్లికి ఎంత దూరం? చదువు రాలేదంటె నాలుగు దినాలు నవ్వి ఊకుంటరు.”

“చదువు రాలేదనరమ్మా. దొంగ అంటరు నన్ను.”

జములమ్మ కొడుకు మొహం చూడలేక నేలను చూసింది. “అననీ బిడ్డా” అంది.

ఎవరిని తిట్టమంటారు? ఆ తల్లిని తిట్టడానికి నాకు నోరు రాదు. తిట్టకుండా ఉండటానికీ మనసొప్పదు. డాక్టరు కాగితం పొయ్యిలో పడింది. పుష్పమ్మ పెళ్లి చక్కగా జరిగింది. జంగయ్య నాగర్‌కర్నూల్ కచేరీ ముందు జనానికి ఉర్దూలో దరఖాస్తులు రాసిపెడుతూ బతుకుతున్నాడు. అక్కడా వాడికి ‘నకల్ జంగయ్య’ అనే పేరు. ఆ పేరు పెట్టిన నోట్లో మట్టిపడ! తల్లి ఎదుటే కూర్చుని, ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలతో, ఆ కాగితం కాలిన రోజు సాబుకు వాడు రాసిన జవాబు ఇంతే:

“సాబ్, వాళ్లన్నది నిజమే. నేను చూసి రాశాను. నాకు కెమిస్ట్రీ రాదు.”