పెట్రోలు బంకు దగ్గర టీ

ఆ బస్సు కండక్టరు ఎప్పుడూ వెనక తలుపుకి ఆనుకునే నిలబడేవాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ గుక్కెడు నీళ్లు కూడా గొంతు దిగనిచ్చేవాడు కాదు. సంచిలో ఇంకో ప్యాంటు మడతపెట్టి ఉండేది. అతనిది పెద్దపేగులో పుళ్లు పడే జబ్బు. కడుపు మెలిపెట్టిందంటే పరుగెత్తాల్సిందే. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని లోలోపల బెదురు. అదృష్టం కొద్దీ డ్రైవరుకి టీ పిచ్చి. దారిలో పెట్రోలు బంకు కనపడితే చాలు, బస్సు ఆపేసేవాడు. "టీ పడందే నా కాలు బ్రేకు మీద నిలవదు. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి!" జనం డ్రైవరుని తిట్టిపోస్తుండగా కండక్టరు బంకు వెనక బాత్రూమ్‌కి వెళ్లొచ్చేవాడు.

ఆస్పత్రిలో సెలైన్‌లా ఎక్కించే కొత్త మందుతో ఈమధ్యే పుళ్లు మానాయి. ఇవాళ బంకు దగ్గర బస్సు నెమ్మదించగానే అతను ముందుకొచ్చాడు.

"అన్నా, నీకో మాట ఇన్నాళ్లూ దాచాను. నా పేగు బాగైందని డాక్టరు చెప్పాడు. ఇక బంకు దగ్గర నాకు పనిలేదు, నీ టీ కోసమైతేనే ఆపు."

"హమ్మయ్య! అయితే పోనిద్దాం," అన్నాడు డ్రైవరు. "నాకసలు టీ పడదురా. తాగితే గుండెల్లో మంట."

తను తిరిగొచ్చేసరికి ప్రతిసారీ టీకొట్టు బల్లమీద నిండుగా, మీగడ కట్టి ఉండే డ్రైవరు గ్లాసు కండక్టరుకి గుర్తొచ్చింది.

"రైట్ చెప్పవేంట్రా? మళ్లీ నన్నే తిడతారు."

కండక్టరు వెనక తలుపు దగ్గరికి వెళ్లలేదు. డ్రైవరు పక్కనే నిలబడి విజిల్ ఊదాడు.