మామిడి కొత్త కాకముందు

నా మొగుడు చలిజ్వరంతో పోయిన ఏడాదే మా కొండ మీదికి రోడ్డు వేశారు. రాళ్లు మోయడానికి ఆడవాళ్లం పదకొండు మందిమి వెళ్లాం. రోజుకూలీ, మధ్యాహ్నం అన్నం, పప్పు అని మేస్త్రి మా గడపల ముందు నిలబడి చెప్పాడు. ఆ అన్నం మాటకే నేను వెళ్లాను. నాకు అయిదేళ్ల కూతురు. వెంట తీసుకెళ్తే నా అడ్డాకు విస్తట్లో అది కూడా తినేది.

చైత్రంలో మామిడి విరగకాసింది. మేస్త్రి బుద్ధి అప్పుడు బయటపడింది. పప్పు మానేశాడు. రోడ్డు పక్క చెట్లకు ఊరికే దొరికే కాయలు కోయించి, ఆ ముక్కలు అన్నంలోనే వేసి ఉడికించాడు. మాకు మామిడి కొత్త పండుగ ఇంకా కాలేదు. పూజారి తొలికాయ దేవతకు పెట్టేదాకా మేం కాయ నోట పెట్టం. పెడితే ఊరికి కీడు.

"కొత్త అవనేదు బాబూ. ఉత్తన్నం వొండించు, ఉప్పేసుకుని తింటాం," అన్నాను.

"ఏటే, మీ దేవత కంటే ముందు తింటే కడుపునొప్పొత్తాదేటి?" అని నవ్వాడు. "తింటే తినండి, నేకపోతే బేగి లేచి రాళ్లెత్తండి."

ఎత్తాం. పొద్దున్న తాగిన అంబలితోనే రెండు రోజులు ఎత్తాం. మూడో రోజు నా కూతురు వెళ్లి ఆ మామిడికాయ అన్నం డేగిసా దగ్గర నిలబడింది. చెయ్యి పెట్టబోయి నావైపు చూసింది.

"అమ్మా, ఒక్క ముక్క తింటే దేవత సూత్తాదా?"

నా ఒళ్లు మండిపోయింది. మేస్త్రి చెట్టు నీడన తన క్యారేజీ విప్పుకుంటున్నాడు. తెల్లన్నం, వంకాయ కూర, పెరుగు. తట్ట కింద పడేసి వెళ్లి, ఆ గిన్నెలు లాక్కొచ్చి పిల్ల ముందు పెట్టాను.

"దీనికి కొత్త అడ్డు నేదు. తినే గుంటా!"

"ఓలమ్మో, ఇది ఆడదేటి, పులేటి?" అని వెనక ఎవత్తో నవ్వింది.

పిల్ల మెతుకు మిగల్చలేదు. మేస్త్రి, "రేపట్నుంచి నీ మొకం ఇక్కడ కనబడకూడదు," అన్నాడు.

మర్నాడు గట్టు మీద నుంచి చూశాను. అన్నం వేరే, పప్పు వేరే వండించాడు. మిగతా పదిమందీ తింటున్నారు. ఒక్కర్తీ తలెత్తి నన్ను పిలవలేదు. పిలిస్తే వాళ్ల పనీ పోతుంది. అది తెలిసినా నా కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద అరకు చూసేవాళ్ల కార్లు పోతాయి. మూడో వంపు దగ్గర వేసిన రాళ్లు మేం పస్తుండి మోసినవి. అక్కడికొచ్చాక నేను రోడ్డు దిగి, పక్కన ముళ్లలో నడుస్తాను.