ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

అహల్య జబ్బుకు కారణం తెలియని మనిషి నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక్కరూ లేరు. ఆ జబ్బేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఐస్‌క్రీం తిన్నందుకేనని పక్కింటి కిష్టవ్వ అంది. ఇరానీ హోటల్ చాయ్ తాగితాగి నరాలు ఎండిపోయాయని కిరాణా కొట్టాయన తేల్చేశాడు. ముప్పై ఒకటి నిండినా పెళ్లి లేకుండా మగపిల్లలకు టైపు నేర్పుతూ కూర్చుంటే ఒళ్లు ఇలా కాక ఎలా ఉంటుందని వదిన విద్యావతి గోడవైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు గొణిగింది. అన్న శ్రీపతి రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు ఆ రెండు గదుల ఇంట్లోనే కాలుస్తూ, "ఫ్యాన్ కింద పండుకుంటది, గందుకే" అన్నాడు. ఆ పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటి యజమాని వదిలిన పొగ కదా, దానివల్ల ఎవరికేం అవుతుంది!

అది 1968. తండ్రి పోయిన దగ్గర్నుంచీ అహల్య ఆబిడ్స్‌లో ఒక మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పింది. శ్రీపతికి బ్యాంకులో ఉద్యోగం వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె జీతంతోనే. అలాంటి మనిషికి ఒకరోజు ఎడమ కన్ను మసకబారింది. మూడు వారాలకు దానంతటదే బాగైంది. తర్వాత చిటికెన వేలికి టైపు మీట నొక్కే బలం పోయింది. మెడ వంచితే వీపులోంచి పాదాలదాకా కరెంటు పాకినట్టయ్యేది. నెల బాగుండేది, మరు నెల నిలబడలేకపోయేది. ఈ వచ్చిపోవడమే ఆమె కొంప ముంచింది. ఒకే రీతిన మంచం పట్టి ఉంటే జనం నమ్మేవాళ్లు. పొద్దున లేవలేని మనిషి సాయంత్రం మెట్లు దిగి కూరలు తెచ్చేసరికి నాటకమన్నారు.

తల్లి జానకమ్మ వైద్యం మరీ ఘోరం. వేడి నువ్వులనూనె మర్దనా చేసి, పొగలు కక్కే నీళ్లు గుమ్మరించేది. ఆ నీళ్లు పడగానే అహల్య కాళ్లు చచ్చుబడేవి. స్నానాలగదిలో బండ మీదే కూలబడేది. గంటకు మళ్లీ లేచి నడిచేది.

"సూసిన్రా, పని జెప్పంగనే పడ్తది, అన్నం పెట్టంగనే లేస్తది" అంది విద్యావతి.

ఈ మాటలు అహల్య చిన్నప్పుడు ఇదే ఇంట్లో విన్నది. అప్పుడవి మేనత్త కమల గురించి. భర్త వదిలేస్తే పుట్టింటికొచ్చి, ఎండ మొహం చూడని వెనకగదిలో ఏళ్లతరబడి పడి ఉండి, ముప్పై మూడేళ్లకే పోయిన మనిషి. కమలకూ కన్ను మసకబారేది. ఆమె కూడా వేడినీళ్ల స్నానం చేసి కూలిపోయేది. చనిపోయాక ఇంట్లో ఆమె పేరెత్తిన వాళ్లు లేరు.

చివరికి గన్‌ఫౌండ్రీలోని నరాల డాక్టరు రూఫస్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఇంగ్లండుకు పోయి చదువుకొచ్చినవాడు. మోకాళ్ల మీద తట్టి, అరికాళ్లు గీకి, కళ్లలోకి దీపం వేసి చూశాడు.

"నాకొక అనుమానమున్నది. గని అది చలిదేశాల రోగం, మన దిక్కు శాన తక్కువ. మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లా ఉండెనా?"

"అయ్యో, ఎవ్వరికి లేదు డాక్టర్ సాబ్. మాది శుభ్రమైన వంశం" అంది జానకమ్మ, పెళ్లివారికి జవాబు చెబుతున్నట్టు.

తర్వాత డాక్టరు శ్రీపతిని పక్కకు పిలిచి చెప్పింది తెర ఇవతలున్న అహల్య చెవిన పడనే పడింది. ఇది మనసు జబ్బు కావచ్చునట. పెళ్లి చేసి చూడమన్నాడు.

రిక్షాలో ఆమె తల్లిని నిలదీసింది. "కమలత్త సంగతి ఎందుకు జెప్పలే?"

"ఇంట్ల నీ అన్న బిడ్డ సుగుణ ఉన్నది. రేపు పిల్లనడగ వచ్చినోళ్లు ఏమంటరు?"

"సుగుణకు ఆరేండ్లమ్మా!"

"ఆరేండ్లు పదహారు కానీకి ఎంతసేపు?"

ఎక్కడో లాగు తడుపుకుంటున్న ఒక పెళ్లికొడుకు కోసం తనను దొంగను చేశారు! అహల్యకు తల్లి పక్కన కూర్చోవాలంటేనే రోత పుట్టింది. కమలత్తలాగే తానూ నాటకాలమారిగా చావాలన్నమాట. అలా చావనని గట్టిగా అనుకుంది.

కాళ్లు కుదురుగా ఉన్న ఒక రోజు చూసి, ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. కమల గురించి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కలం పట్టుకుని అంతా రాసుకున్నాడు.

"మొన్న మీ అమ్మగారు లేదన్నరు గద?"

"అబద్ధం జెప్పింది సార్."

ఆయన మళ్లీ పరీక్ష చేశాడు. ఈసారి చాలాసేపు పట్టింది. "నేను గూడ తొందరపడ్డనమ్మా, తప్పైంది. దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటరు. నరాల మీది పొర అక్కడక్కడ పాడైతది. వస్తది, పోతది, మళ్ల వస్తది. దాని గుణమే అది. వేడినీళ్లు బంద్ చేయండి. పూర్తిగ నయం చేసే మందు ఇంక రాలే, గని వచ్చినప్పుడల్ల తగ్గించనీకి చూద్దాం."

"ఐస్‌క్రీం తింటే వస్తదా సార్?"

డాక్టరు నవ్వాడు. "ఎందుకొస్తదో ఇంక ఎవ్వరికి తెల్వదు. రక్తసంబంధానికి దాంట్ల కొంత వాటా ఉన్నది, కొంతే. దగ్గరి చుట్టాలు నూరుమంది ఉంటే ఇద్దరికో ముగ్గురికో వస్తదేమో. మీ అన్న బిడ్డకు రావాల్నని ఏం లేదు. అసలు రాకపోవుడే ఎక్కువ."

నయం కాదని విని కూడా అహల్య తేలికపడ్డ మనసుతో మెట్లు దిగింది. తను నాటకమాడడం లేదని ఒక మనిషి నోటితో అన్నాడు.

ఇంట్లో జానకమ్మ బియ్యం చెరుగుతోంది. అహల్య ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. "సుగుణకు ఏం ఫికర్ లేదన్నడు. నువ్వు దాచిపెట్టే పనే లేకుండె."

తల్లి మొహం వికసిస్తుందనుకుంది. జానకమ్మ చేట కింద పెట్టేసింది.

"అయితే కమలది?"

"గదే రోగమై ఉంటదన్నడు."

"నాటకం గాదా?"

"గాదు."

"గట్లనకే! వేపమండలతోటి కొట్టించిన గద నేను. మెడ మీద వాతలు పెట్టించిన. రోగమే అయితే నేనేమైపోవాలె?"

పద్దెనిమిదేళ్లుగా తల్లి కాపాడుకుంటున్నది సుగుణ పెళ్లిని కాదని అహల్యకు అప్పుడు తెలిసింది. ఆ మొహం చూడలేక లేచి వెళ్లిపోదామనుకుంది. అంతలో, పదమూడేళ్ల వయసులో తను చేసిన పని గుర్తొచ్చి, తన మీద తనకే అంతకంటే అసహ్యం వేసింది.

"నేను గూడ చేసిన అమ్మా. అత్త నీళ్లడిగితే చెంబు చేతికందకుండ దూరం పెడ్తుంటి. తలుపు సందుల నుంచి చూస్తుంటి, ఎవ్వరు లేరనుకొని లేస్తదేమోనని."

జానకమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లలో ఇంకా ఆశ ఉంది.

"లేచిందా?"

"ఒక్కసారి గూడ లేవలే."