చెంగయ్య వానపాముల గుంటలు

మా తమ్ముడు చెంగయ్యకు వడమాలపేట దగ్గర, ఊరి పొలిమేర అవతల ఎకరం నేల ఉండేది. దాని పక్కనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లేచింది. కాయల కాలం వస్తే తొక్కలూ టెంకలూ గుట్టలే. పారబోయడానికి చోటు చాలక, నీ నేల మాకిచ్చెయ్యమని వాళ్ళు వెంటబడ్డారు. బోరు ఎండిపోయింది, చెనక్కాయ పంట రెండేళ్ళుగా చేతికి రాలేదు. అయినా వాడు లొంగలేదు. తిరుపతిలో వ్యవసాయం నేర్పే కాలేజీకి పోయి గోనెసంచిలో వానపాములు తెచ్చుకున్నాడు. తొక్కలను పేడతో కలిపి, వేడి చల్లారేదాకా మగ్గబెట్టి, గుంటల్లో వేసి తడి ఆరకుండా తినిపిస్తే అవి ఎరువు చేస్తాయట.

"కన్నబిడ్డలకన్నా ఇన్ని నీళ్ళు పోసినావా రా? ఈ ఎర్రలకు కడవలు మోస్తాండావే!" అన్నాను.

"నవ్వుకో అక్కా. నా నేలను వాళ్ళ చెత్తకుప్ప కానియ్యను."

ఎరువు దిగింది, టీపొడిలా నల్లగా. వంగమొక్కలు లేచి నిలబడ్డాయి. వాడి నడకే మారిపోయింది.

రెండు వేల మూడు మే నెలలో గంగ జాతర వచ్చింది. మా ఊళ్ళో చాటింపు పడితే, వారం తర్వాత అమ్మవారిని సాగనంపేదాకా ఎవరూ పొలిమేర దాటరాదు. గుంటలకు నీళ్ళెవరు పోస్తారు? చాటింపు ముందురోజు వాడు పచ్చి తొక్కలే తెచ్చి గుంటల నిండా మందంగా కప్పేశాడు.

"మగ్గనియ్యకుండా వేస్తివే?"

"రసం ఊరతా ఉంటాదిలే అక్కా, తడి ఆరదు."

జాతరలో వాడి చూపంతా అటే. ఒకసారి లేచాడు కూడా. పెండ్లాం తిరుమలమ్మ గడపలో అడ్డం కూర్చుంది. "పోవాకు. రేపు వాన రాకపోతే ఊరంతా మన మొకానే ఉమ్ముతారు."

అమ్మవారిని సాగనంపీ సాగనంపగానే పరుగెత్తాడు, వెనక నేను. గుంటలో చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు. లోపల ఉడుకుతున్న అన్నంకుండ వేడి. పులిసిన కల్లు వాసన. గోడ ఎక్కబోయిన పాములు దారప్పోగుల్లా ఎండిపోయి అంటుకున్నాయి.

"సూడక్కా, ఒకటన్నా కదలతా ఉండాదేమో."

అడుగుదాకా కెలికాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "లేదురా" అన్నాను.

మళ్ళీ తెచ్చుకోమంటే, "తెచ్చి? మళ్ళీ నా చేత్తోనే ఉడకబెట్టేదానికా?" అన్నాడు.

జాతర ముగిసేదాకా పొలిమేర ఎవరూ దాటలేదు. ఆ యేడూ వాన రాలేదు. వాడు నేల ఇచ్చేశాడు. ఫ్యాక్టరీవాళ్ళు దయతలచి అక్కడే పని ఇచ్చారు. ట్రాక్టరు వస్తే ఆ ఎకరంలో తొక్కలు ఎక్కడ దించాలో చెయ్యి చూపించాలి. చూపిస్తాడు.